రేవు దుకాణం సరుకులు వెతుక్కుంటూ ఇచ్చంపల్లి దాకా

మొదటి రోజు: వరంగల్

19వ శతాబ్దంలో మద్రాసు, కాకినాడ లాంటి రేవుల్లో ఇంగ్లీషువాళ్లు షిప్ చాండ్లర్ అని పిలిచే దుకాణాలు ఉండేవి. లంగరు దించిన ఓడకు కావలసిన సామాన్లన్నీ ఒక్కచోట దొరికేవి. ముందు గది జనరల్ స్టోర్. బిస్కెట్ డబ్బాలు, సబ్బులు, కొవ్వొత్తులు, గొడుగులు, షెఫీల్డ్ చాకులు, బ్రాందీ సీసాలు, దొరల సోలా టోపీలు అందులో. అసలు వ్యాపారం వెనక గోదాములో. స్వీడన్ నుంచి వచ్చిన తారు పీపాలు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మనీలా తాళ్ల చుట్టలు, తెరచాప గుడ్డ తానులు, ఓడ అడుగున కొట్టే రాగి రేకులు, మేకులు, గిరకలు, గొలుసులు, లాంతర్లు, రంగు డబ్బాలు, అవిసె నూనె, ఉప్పులో ఊరేసిన మాంసం, పళ్లు విరిగే ఓడ బిస్కెట్లు.

ఇలాంటి సరుకుల పట్టీలు చదవడం నాకు పిచ్చి. సముద్రం మీద కథలు రాసేవాళ్లు తుఫాన్ల గురించి రాస్తారు గానీ తారు గురించి రాయరు. చెక్క ఓడను రోజూ నీళ్లలో నిలబెట్టింది మాత్రం తారే. ఆ గోదాములో ఉన్నవాటిలో సగానికి పైగా ఓడ కుళ్లకుండా, తాడు తెగకుండా, సందుల్లోంచి నీళ్లు రాకుండా చూసేవే.

ఆ పట్టీలో మన వైపు నుంచి రేవుకు వెళ్లినవేవి, రేవు నుంచి మన వైపు దాకా వచ్చినవేవి, మధ్యలో ఆగిపోయినవి ఎక్కడ ఆగాయి అన్నది నా ప్రశ్న. మా మేనమామతో చెబితే నవ్వాడు. ఆయన లారీ మీద ఏళ్ల తరబడి కాకినాడ, విశాఖ తిరిగినవాడు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టున ఉంటున్నాడు గానీ బండెక్కుదామంటే నొప్పి గుర్తుకు రాదు.

"ఓడల దుకాణం జూడనీకి సముద్రం దాకా ఎందుకురా అల్లుడా? ఆటోనగర్‌కు పోదాం పా."

నిజమే. ఆటోనగర్ వైపు లారీ సామాన్ల దుకాణంలో అడుగుపెడితే నా పట్టీ సగం కళ్ల ముందే ఉంది. టార్పాలిన్ పట్టాలు, తాళ్ల చుట్టలు, గొలుసులు, కొక్కేలు, గ్రీజు డబ్బాలు, తుడుచుకునే నూలు పీచు, ఎర్ర రిఫ్లెక్టర్లు, దిష్టికి నల్ల కుచ్చులు. ఓడకైతే ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క ఆకుపచ్చ దీపం ఉండాలి. చీకట్లో ఎదుటి ఓడ ఎటు పోతోందో ఆ రంగులే చెబుతాయి. ఆ సంగతి చెబితే దుకాణదారు, "మా దగ్గర అన్ని రంగులున్నయ్ సార్, ఏ పక్క పెట్టుకుంటరో మీ ఇష్టం" అన్నాడు.

టార్పాలిన్ దగ్గర మాత్రం మామ ఆగిపోయాడు. ఇప్పుడున్నవన్నీ నీలం రంగు ప్లాస్టిక్‌వి, చేత్తో ఎత్తితే తేలిగ్గా వచ్చేస్తాయి. మామ లారీ నేర్చుకున్న రోజుల్లో కాన్వాస్ పట్టాలు ఉండేవి. మైనం పట్టించిన ముతక నూలు గుడ్డ, అంచున ఇత్తడి కళ్లు. వాన పడితే దారాలు ఉబ్బి సందులు మూసుకునేవి. ఆరబెట్టకుండా మడతేస్తే వారంలో బూజు పట్టేది. "తడిసిన పట్టా ఇద్దరు మనుషుల బరువు" అన్నాడు మామ. ఓడవాళ్లదీ ఇదే గుడ్డ, ఇదే గొడవ. గాలి పలచగా ఉన్న రోజు తెరచాప మీద నీళ్లు చల్లేవారు, దారాలు ఉబ్బి గాలిని పట్టుకుంటాయని. సరుకుల మూత మీద కప్పే గుడ్డకైతే తారు పూసేవారు.

అక్కడి నుంచి మండి బజార్ వైపు వచ్చాం. హార్డ్‌వేర్ కొట్లో సఫేదా అడిగాను. పైపు మరల దగ్గర నీళ్లు కారకుండా ప్లంబర్లు నూలు దారం చుట్టి పూసే తెల్లటి ముద్ద. ఇప్పుడు తెల్ల టేపు వచ్చాక అడిగేవాళ్లు తగ్గారని అల్మారా అడుగు నుంచి తీసిచ్చాడు. మూత తీస్తే అవిసె నూనె వాసన. చెక్క ఓడకు చేసేది ఇదే పని, కాకపోతే పెద్ద ఎత్తున. పాత తాళ్లను విప్పి, పీచు చేసి, పలకల మధ్య సందుల్లో సుత్తితో దిగ్గొట్టి, పైన కాచిన కీలు, అంటే గట్టి తారు, పోసేవారు. మన తీరంలో కీలు బదులు గుగ్గిలం నూనెలో మరగబెట్టి పోసేవారు. ఇనుప ఓడలు వచ్చాక అతుకులకు, తుప్పుకు ఎర్ర సీసం రంగు వాడారు. ఆంజనేయస్వామికి పూసే సింధూరంలోనూ ఇదే ఎర్ర సీసం ఉండేది. ఆ వీధిలోనే పూజా సామాన్ల కొట్లో గుగ్గిలం, సింధూరం రెండూ దొరికాయి. రెంటికీ కలిపి వంద రూపాయలు కూడా కాలేదు. ఓడ బాగుచేయడానికి సరిపోవు, గుమ్మానికి సరిపోతాయి.

గ్యాస్‌నూనె లాంతర్లు ఒక్క కొట్లోనే కనిపించాయి, అవీ హోటళ్లలో అలంకారానికట. వాటిలో వత్తి లేదు, బల్బు ఉంది.

మధ్యాహ్నం ఎనుమాముల మార్కెట్. మిర్చి సీజన్, లోపలికి వెళ్లకముందే తుమ్ములు మొదలు. దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా చెప్పుకునే ఈ యార్డులో నేను చూడాలనుకున్నది దబ్బనం. ఒక హమాలీ అన్న బస్తా మూతి కుడుతుంటే పక్కన కూర్చున్నాను. జానెడు ఇనుప దబ్బనం, మొన దగ్గర కొంచెం వంపు, కన్నులో సుతిలి. గోనె అంచును రెండు మడతలు వేసి, ఎడమ చేత్తో బిగబట్టి, కుడి చేత్తో ఒక్క పోటు. దారం లాగేటప్పుడు మోకాలు బస్తాకు ఆనించి ఒళ్లంతా వెనక్కి వేస్తాడు. రెండు చివర్లా కుచ్చు చెవులు మిగులుస్తాడు, ఎత్తేటప్పుడు పట్టు కోసం. పది పన్నెండు కుట్లలో బస్తా అయిపోయింది. తెరచాపలు కుట్టే సూది కూడా ఇంత పొడవే, మొన మాత్రం మూడు అంచులుగా ఉంటుంది. నెట్టడానికి అరచేతికి లోహపు బిళ్ల కుట్టిన తోలు పట్టీ వేసుకునేవారు. ఆ పట్టీ సంగతి చెబితే అన్న తన అరచెయ్యి చూపించాడు. చూపుడువేలు కింద రూపాయి బిళ్లంత కాయ కాసింది.

"గిదే మా తోలు పట్టీ" అన్నాడు.

సాయంత్రం కోటకు వెళ్లాం. ఓరుగల్లుకు సముద్రం లేదని ఊరికే అంటాం గానీ, ఒకప్పుడు ఈ కోటలో కూర్చున్నవాళ్లే రేవు సుంకాలు నిర్ణయించారు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఇప్పటికీ ఉంది. అంతకు ముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవారు. తాను అలా చేయనని, సుంకం మాత్రమే తీసుకుంటానని, అది కూడా ముప్పై వంతుల్లో ఒక వంతేనని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు, అన్నిటికీ లెక్కలు చెక్కించాడు. రాతి తోరణాల దగ్గర సెల్ఫీలు దిగే పిల్లలకు ఇక్కడి ఏ బోర్డూ ఈ సంగతి చెప్పదు. నా లెక్కలో అది తోరణం కంటే పెద్ద కట్టడం.

రెండో రోజు: కొత్తవాడ, మెట్‌పల్లి, కోనసముద్రం

పొద్దున్నే కొత్తవాడలో జంపఖానాల మగ్గాలు చూశాం. వరంగల్ తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వెళ్లాయి. మన జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం మీద పెద్దమనిషి ఒకాయన, "గుర్తింపు వచ్చింది, గిరాకీ రావాలె" అన్నాడు. అంతకంటే ఆయన్ని విసిగించడం బాగుండదని లేచాం.

హనుమకొండ దాటి హుజూరాబాద్, కరీంనగర్ మీదుగా జగిత్యాల రోడ్డు. దారిలో మామ స్పీడోమీటరు వంక చూస్తూ, ఓడకు మీటరు ఉంటుందా అని అడిగాడు. అదీ ఆ దుకాణంలోనే అమ్మేవారు అన్నాను. ముళ్లు వేసిన పొడవాటి తాడు, దాని కొసన చెక్క ముక్క, పక్కన చిన్న ఇసుక గడియారం. చెక్కను నీళ్లలో పడేసి, 28 సెకన్ల ఇసుక జారేలోపు చేతిలోంచి ఎన్ని ముళ్లు వెళ్లాయో లెక్కపెట్టేవారు. ముడికీ ముడికీ మధ్య దూరం 47 అడుగుల 3 అంగుళాలు. అన్ని ముళ్లు వెళితే ఓడ గంటకు అన్ని నాటికల్ మైళ్లు పోతున్నట్టు.

మామ కాసేపు లెక్కేసుకుని, "మరి ఓనరుకు ఏం చెప్పాల్నో అది చెప్పొచ్చన్నమాట" అన్నాడు.

ఈ రోడ్డు మీద రెండు పక్కలా పసుపు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పొలాల్లో పసుపు ఉడకబెట్టే డ్రమ్ములు ఆవిరి కక్కుతున్నాయి. మెట్‌పల్లి దగ్గర టీ కొట్టులో ఆగినప్పుడు ఒక పెద్దాయనతో తాళ్ల మాట వచ్చింది. వాళ్ల నాయన జనుము వేసి, కోసి, కట్టలు కట్టి చెరువులో నానేసేవాడట. కుళ్లిన వాసన ఊరంతా కొట్టేదట. తర్వాత నార ఒలిచి, ఉతికి, ఆరేసి పేనితే పగ్గాలు, తలుగులు, మోట మోకులు. "గిప్పుడు జనుమేస్తున్నరు గని, నార కాదు, పచ్చిరొట్టకు. పూతకు రాంగనే దున్నేస్తరు."

ఈ జనుము మీద లండన్‌లో పెద్ద చర్చలే జరిగాయి. బ్రిటిష్ నౌకాదళం తాళ్లకు వాడే నార రష్యా నుంచి వచ్చేది. నెపోలియన్ యుద్ధాలప్పుడు ఒకసారి, 1853లో మొదలైన క్రిమియా యుద్ధమప్పుడు ఇంకోసారి ఆ దారి మూసుకుపోయేసరికి, హిందుస్తాన్ జనుము పనికొస్తుందా అని పరీక్షలు పెట్టారు. పనికొచ్చింది గానీ గెలవలేదు. ఫిలిప్పీన్స్ మనీలా నార ఉప్పునీటిని బాగా తట్టుకుంటుంది, తేలికగా ఉంటుంది. రేవు గోదాముల్లో పెద్దపీట దానికే దక్కింది. గోగునారది వేరే కథ. అది భీమునిపట్నం రేవు నుంచి గోనె సంచుల మిల్లులకు ఎగుమతయ్యేది, ఆ రేవు పేరు మీదే బిమ్లీ జూట్ అని వ్యాపారంలో పేరు పడింది. మన పుంటికూరకు దగ్గరి చుట్టం అన్నమాట. ఆకు మనం తిన్నాం, కాడ ఓడెక్కింది.

మధ్యాహ్నం దాటాక కోనసముద్రం చేరాం. కమ్మర్‌పల్లి దగ్గర, నిజామాబాద్ జిల్లా. పేరులో సముద్రం ఉంది, ఊళ్లో చెరువు ఉంది. ఇక్కడి కొలిముల ఉక్కు ఇరాన్ దాకా వెళ్లింది. హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు, భూగర్భ శాస్త్రవేత్త, 1820ల మొదట్లో ఇక్కడి పని చూసి రాసిపెట్టాడు. అది 1832లో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కలిపి మట్టి మూసలో పెట్టి, మూతి మూసి, కొలిమిలో ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఊదేవారు. మూస పగలగొడితే ఉక్కు బిళ్ల. పర్షియా వ్యాపారులు ఇక్కడికే వచ్చి, సరుకు పరీక్షించుకుని, తూకం వేయించుకుని తీసుకెళ్లేవారు. తమ దేశంలో ఇదే చేయాలని చూసి కుదరక, మళ్లీ ఇక్కడికే వచ్చేవారట.

ఊరి చివర చేను గట్టు మీద కొలిమిలో మిగిలిన చిట్టెం గడ్డలు ఇప్పటికీ కాలికి తగులుతాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. నల్లగా, గాజులా మెరుస్తూ, ఒక పక్క బుడగలు బుడగలు. పక్కనే మూస పెంకు ముక్క, అరచేతిలో సగం ఉంటుంది. బయట వైపు మట్టి కరిగి ఆకుపచ్చ మెరుగు తేలింది, లోపలి గోడ మీద సన్నటి గీత. కరిగిన లోహం ఎంతవరకు నిలబడిందో ఆ గీత చెబుతుంది. మళ్లీ అక్కడే పెట్టేశాను. 2010లో బెంగళూరు, ఇంగ్లండ్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊరూరా తిరిగి ఇలాంటి దిబ్బలను నమోదు చేశారు. నా జేబులో ఉంటే దానికి విలువ లేదు.

ఇక్కడి ఉక్కు రేవు దుకాణంలో మేకులయ్యిందని చెబితే కథ బాగుంటుంది గానీ నేను నమ్మను. ఇంత కష్టపడి తీసిన ఉక్కుతో ఎవరూ మేకులు కొట్టరు, కత్తులు చేస్తారు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు గోల్కొండ తీరం నుంచి ఇనుము, ఉక్కు, మేకులు, ఫిరంగి గుండ్లు కొని జావా వైపు పంపేవారు. ఆ మేకులు మామూలు ఇనుముతో చేసినవి. 19వ శతాబ్దం మధ్యకొచ్చేసరికి అవీ పోయాయి. రేవు దుకాణంలో మేకుల నుంచి లంగరు గొలుసు దాకా అన్నీ ఇంగ్లండ్‌వే. ఈ ఊరి కొలిములు ఆరింది కూడా ఆ శతాబ్దంలోనే.

రాత్రి మెట్‌పల్లిలో లాడ్జి. దోమలు. ఇంకేం రాయను.

మూడో రోజు: ధర్మపురి, గోదావరిఖని, కాళేశ్వరం

ధర్మపురిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని గోదావరి వెంట తూర్పుకు దిగాం. మామకు ఈ దారి నోటికి వచ్చు. ఎక్కడ ఏ దాబాలో పప్పు బాగుంటుందో, ఏ మూల మీద పోలీసులు ఆపుతారో చెప్పుకుంటూ వచ్చాడు.

గోదావరిఖని దగ్గర బొగ్గు లారీల వెనక చాలాసేపు ఇరుక్కున్నాం. బొగ్గు వచ్చాకే ఓడ సామాన్ల దుకాణం రూపు మారింది. తెరచాప తానులు, తాళ్ల చుట్టలు తగ్గి, ఇంజిను నూనె, నూలు పీచు, బొగ్గు పారలు పెరిగాయి. మన వైపు బొగ్గు సంగతి 1871 ప్రాంతంలో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనిపెట్టాడు, 1889 నాటికి తవ్వకం మొదలైంది. 1871 అన్న ఏడాది రేపు మళ్లీ వస్తుంది.

అదే 1889లో హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా బెజవాడకు రైలు కలిసింది. అంతకు ముందే 1874లో హైదరాబాద్‌కు బొంబాయి వైపు లైను పడింది. అప్పటి నుంచి సబ్బు, అగ్గిపెట్టె, లాంతరు, చాకు, ఏదైనా రైల్లో దిగేది. రైలుకు ముందు రేవుకూ మనకూ మధ్య దారి అంటే పెరికె ఎడ్లు, లంబాడీల బిడారులు. నైజాంలో సముద్రం లేదు కాబట్టి ఉప్పు తీరం నుంచే రావాలి. వందల ఎడ్ల మీద ఉప్పు ఎక్కివచ్చేది, తిరుగు దారిలో ధాన్యం, పత్తి పోయేవి. రేవు దుకాణం ముందు గదిలోని సోకు సరుకులు ఆ ఎడ్ల మీద ఎక్కిందెంత, చెప్పండి? ఎద్దు మోసేది మనిషికి తప్పనిదే. బిస్కెట్ డబ్బా కోసం మచిలీపట్నం నుంచి ఓరుగల్లు దాకా ఎవరూ ఎద్దును తోలరు. మచిలీపట్నం కూడా 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో దాదాపు 30 వేల మందిని పోగొట్టుకుంది. ఆ తర్వాత ఆ రేవు మునుపటిలా కోలుకోలేదు.

మంథని, కాటారం దాటాక అడవి మొదలైంది. మహదేవ్‌పూర్‌లో దసలి పట్టు నేసేవాళ్లు ఉన్నారు గానీ మా కళ్లు టేకు మీద. ఆకులు రాలి, మోడుల్లా నిలబడ్డ చెట్లు రోడ్డుకు రెండు పక్కలా. నా పట్టీలో మన వైపు నుంచి నిక్కచ్చిగా సముద్రానికి వెళ్లిందేదంటే ఇదే. గోదావరి పై అడవుల టేకు నది మీద తేలుతూ రాజమండ్రికి, అక్కడి నుంచి కాకినాడ పక్క కోరంగి ఓడ పనివాళ్ల చేతికి వెళ్లేది. నర్సాపురం పక్క మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్లు 17వ శతాబ్దంలోనే ఓడలు కట్టించుకున్నారు. ఓడకు టేకును మించిన కర్ర లేదు. దాని ఒంట్లో నూనె ఉంటుంది, ఇనుప మేకు కొట్టినా తుప్పు పట్టనివ్వదు. ఓక్ చెక్క అలా కాదు, మేకును తినేస్తుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది. ఎండేదాకా ఆగాలి, లేదా బొంగుల కట్టలు తోడు కట్టి తెప్పగా వదలాలి.

టింబర్ డిపో దగ్గర మామ దుంగలను చేత్తో తట్టి చూశాడు. ఇంటి దర్వాజాకు ఎంతవుతుందో అడిగాడు. ధర విన్నాక, మనకు ఓడ కాదు కదా, పీట కూడా రాదన్నాడు.

కాళేశ్వరంలో చీకటి పడకముందే దర్శనం అయింది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, యముడూ శివుడూ. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. అవతలి గట్టు సిరొంచ, మహారాష్ట్ర. అక్కడి వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. అది అటెందుకు పోయిందన్నదానికి జవాబు కూడా రేవు సరుకుల దగ్గరే ఉంది. ఈ రాత్రికి నిద్ర.

నాలుగో రోజు: ఇచ్చంపల్లి

దవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువల మీద పడవలు కాకినాడ దాకా వెళ్లేవి. ఆర్థర్ కాటన్‌కు అది చాలలేదు. గోదావరిని పైదాకా, ఇప్పటి మహారాష్ట్రలోని బేరార్ పత్తి పొలాల దాకా పడవ దారి చేయాలన్నాడు. ఆ పత్తి ఎడ్ల బండ్ల మీద బొంబాయి పోయే బదులు నది మీద జారి కాకినాడలో ఓడెక్కాలి. తిరుగు పడవల్లో ఉప్పు, ఇంగ్లండ్ గుడ్డ, ఇనుప సామాను పైకి రావాలి. అంటే నా దుకాణం సరుకంతా ఈ దారిన మన ఊళ్లకు చేరాలి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి మాంచెస్టర్ మిల్లులు గగ్గోలు పెట్టాయి. కాకినాడ ఆ పత్తి జోరులోనే రేవుగా ఎదిగింది. గోదావరి పనికి డబ్బు దొరికింది.

అంతకు ముందే, 1860 ఒప్పందంలో, ఇంగ్లీషువాళ్లు నిజాం దగ్గర గోదావరి ఎడమ గట్టు తాలూకాలు పుచ్చుకున్నారు. భద్రాచలం, చర్ల, నూగూరు, సిరొంచ అందులోవే. నది మీద వచ్చిపోయే సరుకుకు సుంకం ఉండకూడదని కూడా రాయించుకున్నారు. నిజాం సుంకం నాకా లేని గట్టు వాళ్లకు కావాలి. రాత్రి చెప్పిన జవాబు ఇదే. సిరొంచ అలా తెగిపోయి, తెగినట్టే ఉండిపోయింది.

ఈ పడవ దారిలో మూడు చోట్ల రాతి బండలు అడ్డం. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది ఇంకా పైన, ప్రాణహిత మీద దేవలమర్రి. దుమ్ముగూడెంలో ఆనకట్ట, పడవలు దాటే లాకు కట్టారు, అది ఇప్పటికీ ఉంది. మేం వచ్చింది రెండో అడ్డానికి.

పొద్దున మేడిగడ్డ వంతెన దాటకుండా ఇవతలి గట్టు వెంటే వెళ్లాం. 2023 అక్టోబరులో కుంగిన పిల్లర్ల దగ్గర జనం ఇప్పటికీ ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. అక్కడి నుంచి కిందికి రోడ్డు సన్నబడి, ఇసుక దారయింది. కారు వదిలి నడిచాం. మామ మోకాళ్లు గుర్తొచ్చాయి, నాకు.

ఇచ్చంపల్లి దగ్గర నది వెడల్పుగా, నీళ్లకంటే రాయి ఎక్కువగా ఉంది. నల్లటి బండలు గట్టు నుంచి గట్టు దాకా వరుసలుగా లేచి ఉన్నాయి. వాటి సందుల్లో నీళ్లు చిన్న చిన్న పాయలుగా విడిపోయి చప్పుడు చేస్తున్నాయి. వానాకాలం ఈ బండల మీద నది మనిషికి రెట్టింపు ఎత్తున పారుతుందట. అప్పుడు పడవ దాటొచ్చు గానీ ఎదురెక్కలేదు. ఎండాకాలం ఎదురెక్కొచ్చు గానీ దాటే నీళ్లుండవు. కాటన్ లెక్కలన్నీ ఈ ఒక్క చోట నిలబడి చూస్తే సరిపోయేది.

పని నడిపిన హేగ్ అనే ఇంజనీరు తక్కువ లోతులో నడిచే పొగపడవలు తెప్పించాడు. వాటి కోసం ఈ అడవి దాకా తాళ్లు, తారు, గొలుసులు, నూనె పీపాలు వచ్చి ఉంటాయి. రేవు దుకాణం గోదాము మన వైపుకు ఎప్పుడైనా దగ్గరగా వచ్చిందంటే అప్పుడే. కానీ అడవి జ్వరాలకు కూలీలు నిలవలేదు, ఖర్చు పెరిగింది, అమెరికా యుద్ధం 1865లో ముగిసింది, పత్తి ధర పడిపోయింది. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. 1871లో పని ఆపేశారు. ఇల్లెందులో బొగ్గు బయటపడుతున్న రోజుల్లోనే పొగపడవల దారికి తాళం పడింది. నా పట్టీలోని సరుకు ఎక్కడ ఆగిందంటే, ఈ బండల దగ్గరే ఆగింది.

కాటన్‌ను గోదావరి జిల్లాల్లో దేవుడంటారు, విగ్రహాలు పెట్టారు. కిందికి చేసిన మేలుకు అది న్యాయమే. ఇక్కడ పైన ఆయన కల మన కోసం కన్నది కాదు, మాంచెస్టర్ కోసం కన్నది. అందుకే మాంచెస్టర్‌కు వేరే పత్తి దొరకగానే కల ఆగిపోయింది.

బండల మీద ఒకాయన వల ఆరేసి చిక్కులు తీస్తున్నాడు. పక్కన ఆయన నాటు పడవ బోర్లించి ఉంది. అడుగున పలకల సందుల్లో నల్లటి గీతలు. దగ్గరికి వెళ్లి వేలితో తాకితే మెత్తగా ఉంది, ఎండకు కరిగింది.

"ఏం పూసినవ్ తమ్మీ?" మామ అడిగాడు.

"పాత చీర పేలికలు గుచ్చి మీద తారు పోసిన కాకా. రోడ్డు పని జరిగినప్పుడు డబ్బాల అడుక్కొచ్చుకున్న."

"మరి వల?"

"వల కాకినాడది. మా బామ్మర్ది ఫోన్ చేస్తే పార్సిల్ల ఏస్తరు. సీసం గుండ్లు సిరొంచల కొంటం."

మామకు కాకినాడ పేరు వినగానే హుషారొచ్చింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఫిలిప్పీన్స్‌కు పంపిన బియ్యం ఆ రేవులోనే ఓడెక్కింది, ఆ కబురు టీవీలో వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ పిలిచి చూపించాడు. ఏ కొట్లో, రేవుకు ఏ పక్క, వల గజం ఎంత అని ఆ తమ్ముణ్ని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆ కొట్టు ఉన్న వీధిలోనే తాను లారీ పెట్టుకుని పడుకునేవాణ్నని, పక్కన పెసరట్టు బాగుంటుందని చెప్పాడు. ఆ తమ్ముడికి అవేవీ పట్టలేదు. బుట్టలో రెండు బొచ్చె చేపలున్నాయి, కావాలా అని అడిగాడు. కిలో మూడొందలన్నాడు. మామ రెండొందల దగ్గర మొదలుపెట్టాడు.